గడ్డాలు లేని సినిమాలు

బేస్తవారిపేట సంతలో మొన్న ఒక గొర్రెల మనిషి నన్ను ఆపి, మొహంలోకి తేరిపార చూశాడు.

"నువ్వు మార్కాపురంలో పలకలకు చట్రాలు బిగించినోడివి గదా?"

అవునన్నాను. ఆ పని మానేసి గిద్దలూరులో కట్టెల అడితిలో చేరి ఏళ్ళయింది. అయినా నన్ను అలా గుర్తుపట్టేవాళ్ళు ఇంకా కొందరున్నారు.

"మా పెదనాయన పోయినాడు. నీ ఎదురుగా కూచోని పలకలు తట్టి చూసేటోడు, ఆయన."

"ఎప్పుడు?"

"ఎండాకాలం మొదట్లో. జబ్బేం లేదు, ముసలితనమే. చివరికి రెండు చెవులూ బొత్తిగా వినబడేవి కావు. మేం గొంతు చించుకున్నా ఒక్క ముక్క తెలిసేది కాదు. చట్రాల కాడ మా అల్లుడొకడుండె, వాడు చెప్తే ప్రతి మాటా సాఫుగా తెలిసేది, మీకెందుకు చాతకాదు అని మమ్మల్ని తిట్టేటోడు."

ఆ మనిషి నా నుంచి జవాబేమీ ఆశించినట్టు లేదు. చావు కబురు చెప్పాల్సిన వాళ్ళలో ఇంకొకరికి చెప్పేసిన నెమ్మదితో తన మంద వైపు వెళ్ళిపోయాడు.

అల్లుడంటే నిజం అల్లుణ్ణి కాను. నేను ఆయన్ని మామా అనేవాణ్ణి, ఆయన నన్ను అల్లుడూ అనేవాడు, అంతే. ఆయన జీవితచరిత్ర నాకు తెలియదు. కొనకనమిట్ల పక్క పల్లె అని, చిన్నతనంలో గొర్రెలు కాశాడని, తర్వాత పలకరాతి గనుల్లో చాలాకాలం చేశాడని మాత్రం విన్నాను. నాకు బాగా తెలిసింది ఆయన సినిమాల మీద చెప్పిన తీర్పులు. వాటిలో ఒక్కటీ మర్చిపోలేదు.

మా షావుకారు షెడ్డులో పని ఎలా జరిగేదో ముందు చెప్పాలి. గని నుంచి వచ్చిన రాతిని ఉలితో పొరలుగా విడదీసి, కొలతకు కోసేవాళ్ళు. ఆడవాళ్ళు ఇసుకా నీళ్ళూ వేసి నునుపుగా రుద్దేవాళ్ళు. రుద్దిన పలకలన్నీ ఆయన ముందుకు వచ్చేవి. పలకను ఒక మూల రెండు వేళ్ళతో వేలాడేసి పట్టుకుని, నడుమ వేలి కణుపుతో ఒక్క దెబ్బ కొట్టేవాడు. మంచి పలక ఖంగుమంటుంది. లోపల వెంట్రుకంత పగులున్నా చప్పుడు బొంగురుగా వస్తుంది. ఖంగుమన్నదాన్ని నా వైపు జరిపేవాడు, బొంగురుగా పలికినదాన్ని వెనక కుప్పలో పడేసేవాడు. నేను దానికి కర్ర చట్రం తొడిగి చిన్న మేకులు కొట్టేవాణ్ణి. ఆయన దగ్గర దాటిపోయిన పగులు ఏదైనా నాదాకా వస్తే, సుత్తి దెబ్బకు నా చేతిలోనే రెండు ముక్కలయ్యేది. అక్కడా తప్పించుకుంటే ఏ ఊళ్ళోనో ఏ బడిలోనో పిల్లవాడి ఒళ్ళో పగిలేది.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. కోతలైపోయాక ఊరి బయట చేలల్లో డేరా టాకీ వాళ్ళు దిగేవాళ్ళు. ఉన్నది ఒక్కటే మిషను కాబట్టి రీలు రీలుకూ ఆట ఆగేది. ఆగినప్పుడల్లా జనం ఈలలు వేసేవాళ్ళు, ఇసుక ఎగజల్లేవాళ్ళు. మామ సినిమా పిచ్చి ఉన్నవాడేమీ కాదు. బొమ్మ మారితే ఒకసారి చూస్తాడు, అంతే. అందరికంటే ముందు వరసలో, తెరకు బాగా దగ్గరగా నేల మీద గొంతుక్కూర్చునేవాడు. అంత దగ్గర కూర్చుంటే కళ్ళు పోతాయని ఎవరైనా అంటే వినిపించుకునేవాడు కాదు.

మర్నాడు పొద్దున మేమింకా తుండుగుడ్డలు దులుపుకుంటూ ఉండగానే మొదలుపెట్టేవాడు.

"బాగలేదు. గడ్డాల బొమ్మ."

ఆయన దృష్టిలో సినిమాలు రెండే రకాలు, గడ్డాలున్నవి, గడ్డాలు లేనివి. మునులూ ముసలి రాజులూ ఎక్కువగా కనబడితే ఆ సినిమా ఎంత గొప్పదైనా ఆయనకు పనికిరాదు. "అంత పొద పెట్టుకోని ఏం మాట్లాడతాడు మనిషి? ఆ మాట మనకు చేరొద్దా?" అనేవాడు. మీసాల మీదా అంతే కోపం. కొత్తగా వచ్చిన ఒక సాంఘిక చిత్రంలో నాయకుడి సన్నమీసం చూసి ఊళ్ళో కుర్రకారంతా అలాగే దిద్దుకుని తిరిగే రోజుల్లో, "పై పెదవిని చంపేసినాడు. వాడు ఏం చెప్పినాడో ఆ పిల్లకన్నా తెలిసిందా అంట!" అన్నాడు.

పలకలు రుద్దే ఆడవాళ్ళలో హుసేనమ్మత్త పెద్దది. ఆమె నోరు ఇంకా పెద్దది.

"నీకు కావాల్సింది సినిమానా, మంగలి అంగడా?" అనేది.

అందరం నవ్వితే ఆయనా నవ్వేవాడు. కానీ జవాబు చెప్పేవాడు కాదు. రెండో తీర్పులోకి పోయేవాడు.

"గొల్లోని వేషం కట్టినోడు కర్ర పట్టుకున్న తీరు చూసినారా? రాజదండం పట్టినట్టు పట్టినాడు. ఒక్క గొర్రె కూడా వాని దిక్కు చూడలా."

ఇంకోసారి, ఒక ప్రేమ కథ చూసి వచ్చి: "తోటలో కూచోని ఇద్దరూ ఒకటే మాటలు. అంత సేపు కూచున్నోళ్ళు ఒక్క చెట్టుకన్నా నీళ్ళు పోయొద్దా? ఆకులన్నీ వాడిపోయి ఉండాయి. అయినా మంచి బొమ్మ. ఇద్దరూ మొగం మొగం చూసుకోని నిదానంగా మాట్లాడినారు."

ఆ సినిమా మేమంతా చూశాం. నీళ్ళ సంగతి ఒక్కరమూ గమనించలేదు. తర్వాత ఆ బొమ్మ మళ్ళీ వచ్చినప్పుడు నేను పనిగట్టుకుని చూస్తే, ఆకులు నిజంగానే వాడిపోయి ఉన్నాయి.

ఆయన తీర్పుల్లో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచేది ఒకటుంది. ఒక సినిమాలో కథానాయిక పాటలకు ఊరంతా మురిసిపోయింది. హుసేనమ్మత్త పలకలు రుద్దుతూ అవే పాడేది. మామ మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"ఆమె పాడలా."

"ఆమె కాకపోతే నువ్వు పాడినావా?" అంది అత్త, ఆయన ముందుకు వచ్చి నిలబడి.

"పాడితే మెడ నరాలు లేస్తయి. ఆమె మెడ కదల్లా. నోరు ఊరికే తెరిచింది. ఎవరో వేరే ఆమె పాడి ఉంటాది, ఈమె ఆడి ఉంటాది."

అందరం పడీ పడీ నవ్వాం. ఒకరు పాడితే ఇంకొకరు పెదాలు కదపడం ఏమిటని నేనే ఎక్కువ ఎగతాళి చేశాను. ఎనిమిదో తరగతి దాకా చదివినవాణ్ణి కదా, సినిమా సంగతులు నాకే తెలుసుననుకునేవాణ్ణి. ఆ రోజుల్లోనే తెర వెనక వేరేవాళ్ళ చేత పాడించడం మొదలైందని చాలా ఏళ్ళ తర్వాత ఒక పత్రికలో చదివి, కాసేపు ఆ పత్రికను అలాగే పట్టుకుని కూర్చున్నాను.

ఆయన దగ్గర నాకు నచ్చనిది ఒకటే. ఇంకొకరిని చెప్పనిచ్చేవాడు కాదు. "నేనూ చూసినా మామా, ఆ తండ్రి భలే మాట అన్నాడు గదా" అని ఎవరైనా ఎత్తుకుంటే చెయ్యి అడ్డం పెట్టేవాడు. "నన్ను చెప్పనీ, నువ్వు తర్వాత." ఆ తర్వాత అనేది ఎప్పుడూ రాలేదు. అదంతా పెద్దరికపు గర్వం అనుకుని నాకు ఒళ్ళు మండేది. ఎవరు మాట్లాడినా మొహంలోకి గుచ్చి చూసే అలవాటు కూడా ఉండేది. "ఏందయ్యా, నా మొగాన ఏమన్నా రాసుందా?" అని హుసేనమ్మత్త ఒకటి రెండుసార్లు కసిరింది.

చెవుల సంగతి ముందే చెప్పాను కాబట్టి ఇదంతా ఎందుకో మీకు అర్థమైపోయే ఉంటుంది. మాకు అర్థం కాలేదు. పది పన్నెండు మందిమి రోజంతా ఆయన చుట్టూ కూర్చునేవాళ్ళం. షెడ్డులో రాయి కోసే చప్పుడుకు ఎవరి మాట ఎవరికీ ఒక పట్టాన వినబడదు, అందరం అరుచుకునే మాట్లాడుకునేవాళ్ళం. పైగా చెవితోనే బతికే మనిషి చెవులను ఎవరు అనుమానిస్తారు?

అది బయటపడింది ఒక సినిమా వల్లే. ఆ రోజు ఆట మొదలైన కాసేపటికి సౌండు పోయింది. బొమ్మ ఆడుతోంది, మాట లేదు. డేరా మనిషి ఏవేవో తీగలు పీకి అతికించాడు గానీ లాభం లేకపోయింది. జనం గోల చేశారు. రేపు మళ్ళీ ఊరికే చూపిస్తామని అతను కేకలు వేసి, ఆ రోజుకు మూగబొమ్మే చివరిదాకా నడిపించాడు. సగం మంది లేచి వెళ్ళారు. నేను ఉన్నాను. మామ ఎప్పటిలాగే ముందు వరసలో, మాకందరికీ వీపు పెట్టి, కదలకుండా చూస్తున్నాడు.

మర్నాడు పొద్దున ఆయన మొదలుపెట్టాడు.

"మంచి బొమ్మ. ఒక్క గడ్డం లేదు. ఆ తండ్రి కొడుకుతో మాట్లాడతాడు చూడు, అక్కడ నాకు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. ఏం మాటలు, ఏం మాటలు!"

షెడ్డంతా ఒక్కసారి గొల్లుమంది. హుసేనమ్మత్త కళ్ళు తుడుచుకుంటూ, "ఈ మనిషి నవ్వించి చంపుతాడు" అంది. అందరూ దాన్ని వేళాకోళం అనుకున్నారు. ఆయనా నవ్వాడు. కానీ నేను ఎదురుగా ఉన్నాను కాబట్టి చూశాను. నవ్వుతూనే ఒక్కొక్కరి మొహం వెతుకుతున్నాడు, ఎందుకు నవ్వుతున్నారో ఎక్కడైనా దొరుకుతుందేమోనని. వెతుకుతూ వెతుకుతూ నా దగ్గరికి వచ్చాడు. నేను నవ్వడం లేదు. ఆయన నవ్వు అక్కడ ఆగిపోయింది.

కొన్నాళ్ళుగా నా చేతిలో పలకలు ఎందుకు ఎక్కువగా పగులుతున్నాయో కూడా అప్పుడే తెలిసింది. ఆ రోజు ఆయన జరిపిన ప్రతి పలకనూ, చట్రం తొడగబోయే ముందు నేను ఇంకోసారి తట్టాను. బొంగురుగా పలికింది ఒకటి తగిలితే, ఏమీ ఎరగనట్టు నా వెనక పెట్టుకున్నాను. ఆయన చూశాడు.

సాయంత్రం పని వదిలాక కంభం వైపు పోయే బాట మీద నాకోసం నిలబడి ఉన్నాడు.

"అల్లుడూ, ఎప్పట్నుంచి తెలుసు?"

"ఈ పొద్దే."

"నిదానంగా చెప్పు. నోరు బాగా తెరిచి చెప్పు."

మళ్ళీ చెప్పాను. తల ఊపాడు. గనుల్లో ఉన్నప్పుడు రాయి పగలగొట్టడానికి పెట్టే తోటాలు పేలిన చప్పుడుకే చెవులు కొంచెం కొంచెంగా పోయాయని, మాటలు పోయి చాలా రోజులైందని చెప్పాడు. పలక మంచిచెడ్డలు మాత్రం వేళ్ళతో పసిగడతాడట. ఖంగుమనే పలక వేళ్ళలో సన్నగా వణుకుతుందట, పగులున్నది వణకదట. "పెద్ద పగులైతే నా వేళ్ళు దాటిపోదు. సన్నది పోతాది."

తర్వాత అడిగాడు. "షావుకారుకు చెప్తావా?"

"చెప్పను మామా."

"చెప్తే నన్ను ఊరికే పొమ్మనడు. పాత మనిషి గదా అని మళ్ళీ గనికి పంపుతాడు. తోటా పేల్చేముందు పక్కకు పొమ్మని కేకేస్తారు. ఆ కేక వినబడనోడు గనిలో ఎన్ని రోజులు బతుకుతాడో నువ్వే చెప్పు."

"చెప్పనన్నా గదా."

నా పెదాల వంకే చూస్తున్నాడు. ఇంకోసారి చెప్పమన్నట్టు చెయ్యి తిప్పాడు. నోరు బాగా తెరిచి, "చెప్పను" అన్నాను. అప్పుడు నా భుజం మీద చెయ్యి వేశాడు. అప్పటికి నాకాయన మీద ఉన్న మంటంతా పోయి జాలి, కొంచెం గర్వం కూడా కలిగాయి. ఒక మనిషి బతుకు నా నోట్లో ఉందన్న గర్వం. దాన్ని గర్వం అనే అనాలి.

అలా ఏడాది గడిచింది. ఆయన వేళ్ళతో చూసేవాడు, నేను చెవితో చూసేవాణ్ణి. ఎవరైనా ఆయన్ని వెనకనుంచి ఏదైనా అడిగితే, ఆయన నా వైపు చూసేవాడు. నేను ఆ మాటను చప్పుడు లేకుండా పెదాలతో ఒక్కొక్కటే విడదీసి పలికేవాణ్ణి. ఆయన దానికి జవాబు చెప్పేవాడు. నాకెంత అలవాటైందంటే, ఇంట్లో నా భార్యతో కూడా అలాగే మాట్లాడుతుంటే, "నేనేమన్నా చెవిటిదాన్నా?" అని ఆమె విసుక్కుంది. సినిమా మారిన మర్నాడు మాత్రం పనిలోకి పోయే దారిలో నా కోసం ఆగేవాడు. ఆ బొమ్మలో ఎవరు ఎవరితో ఏమన్నారో నేను చెప్పేవాణ్ణి, అదేదో తనకు ముందే తెలిసినట్టు వినేవాడు. షెడ్డులోకి వచ్చాక తీర్పు మాత్రం తనదే. "గడ్డాల బొమ్మ" అని నేను చెప్పినదంతా ఒక్క మాటతో కొట్టిపారేసేవాడు.

బడులు తెరిచే రోజులు వచ్చాయి. ఆ నెలలో పలకలకు మామూలు కంటే గిరాకీ ఎక్కువ. షావుకారు రోజుకు రెండుసార్లు షెడ్డులోకి వచ్చి తొందరపెట్టేవాడు. కొట్టాల్సిన మేకులు అన్నీ ఇన్నీ కావు. నేను రెండోసారి తట్టడం మొదట పలక వదిలి పలకకు చేశాను. తర్వాత మానేశాను. ఆ సంగతి మామకు చెప్పలేదు. వెనక నేనున్నానన్న ధీమాతో ఆయన కూడా తొందరగా జరిపేస్తున్నాడని నాకు తెలుసు. అయినా చెప్పలేదు.

నెల తిరక్కముందే ఒక పెట్టె వాపసు వచ్చింది. షావుకారు దాన్ని షెడ్డు నడిమధ్య తెరిపించాడు. గడ్డి తీసి చూస్తే సగం పలకలు చట్రాల్లోనే చీలి ఉన్నాయి. ఒక ముక్క తీసి అంచు మీద గోరుతో గీసి చూపించాడు. "ఇది దారిలో పగిలింది కాదు. లోపల దుమ్ము పట్టి ఉంది, పాత పగులు. తట్టేకాడ చూసుకోకపోయినా ఉండాలి, మేకులు కొట్టేకాడ చీల్చి మూసిపెట్టినా ఉండాలి. ఇద్దర్లో ఒకరు రేపట్నుంచి రావద్దు."

రాయి కోసేవాళ్ళు కూడా పని ఆపారు. షావుకారు వచ్చి మా ఇద్దరి నడుమ నిలబడ్డాడు, నా వైపు మొహం, మామ వైపు వీపు. మామకు షావుకారు నోరు కనబడదు. పక్కకు ఒంగి, నా పెదాల మీద చూపు పెట్టాడు. ఏం జరుగుతోందో చెప్పు, ఏం జవాబు చెప్పాలో చూస్తాను అన్నట్టు. ఎప్పుడూ చూసే చూపే అది. అందులో భయం కూడా లేదు.

"నీదేనా తప్పు?" అన్నాడు షావుకారు.

అప్పటికి నాకు బిడ్డ పుట్టి నెల కాలేదు. ఇంట్లో అందరం నా సుత్తి మీదే బతుకుతున్నాం. ఇవి కారణాలే, కాదనను. ఇద్దరం కలిసి చేసిన తప్పు అని చెప్పే వీలు కూడా ఉంది. అది నాకు ఆ క్షణంలో తోచిందనీ ఒప్పుకుంటాను.

"నాది కాదయ్యా. మామకు చెవులు వినబడవు."

షావుకారు ఇంకా వెనక్కి తిరగనేలేదు, "అవునయ్యా" అని వెనకనుంచి మామ గొంతు వినబడింది.

షావుకారు తిరిగేసరికి మామ లేచి నిలబడి ఒంటి మీది రాతిదుమ్ము దులుపుకుంటున్నాడు. "ఎన్నాళ్ళ నుంచయ్యా?" అని షావుకారు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని గొణిగినట్టు అడిగాడు. మామ నా వైపు చూశాడు. నేను తల ఎత్తలేదు. ఆ ప్రశ్న ఆయనకు చేరలేదు. కాసేపు చూసి, చేతిలో ఉన్న పలకను జాగ్రత్తగా నేలమీద పెట్టి బయటికి నడిచాడు. గనికి వెళ్ళమని చెప్పడానికి షావుకారు మనిషిని పంపితే, ఆయన అప్పటికే కొనకనమిట్ల దారి పట్టాడని వచ్చి చెప్పాడు. తమ్ముడి గొర్రెల దగ్గర చేరాడని తర్వాత విన్నాను. పది మైళ్ళ పైచిలుకు దూరం. నేను ఒక్కసారీ వెళ్ళలేదు.

ఆ వారమే డేరాలో బొమ్మ మారింది. మర్నాడు షెడ్డులో దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. హుసేనమ్మత్త ఇసుక ఎక్కువ వేసి గట్టిగా రుద్దుతూ, నా వైపు చూడకుండా పని చేసుకుంది.

నేను చెప్పేది తల దించుకుని చెప్పినా సరిపోయేది. షావుకారును పక్కకు పిలిచి, చెట్టు చాటున చెప్పినా సరిపోయేది. కంగారులో నోట్లో నోట్లో గొణిగినా సరిపోయేది, భయపడ్డవాళ్ళు అలాగే మాట్లాడతారు కూడా. నేను అలా మాట్లాడలేదు. ఏడాదిగా ఆయన కోసం నేర్చుకున్న తీరు నా నోటిని వదల్లేదు. ఆయన కళ్ళు నా పెదాల మీద ఉండగా, ఒక్కొక్క మాటా విడదీసి, నోరు బాగా తెరిచి, ఒక్క అక్షరం కూడా పోకుండా ఆయనకు చేరేటట్టు చెప్పాను.